తప్పులున్న పుస్తకం

పుస్తకం ఎంచుకోవడంలో నన్ను మించినవాళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో లేరని నేను ఇప్పటికీ అంటాను. ఈ విషయంలో వినయం నటించడం నాకు చేతకాదు. పాలిటీకి ఏది, ఎకానమీకి ఏది, లెక్కలు రానివాళ్లకు ఏది, వచ్చినా భయపడేవాళ్లకు ఏది అని మా హాస్టల్ అమ్మాయిలు నన్నే అడిగేవాళ్లు. ఊరి నుంచి కొత్తగా వచ్చి బ్యాగు దించిన అమ్మాయి ముందు మెస్‌లో అన్నం ఎప్పుడు పెడతారో కనుక్కునేది, ఆ తర్వాత నా మంచం దగ్గరికి వచ్చేది. నేను చెప్పిన పుస్తకాలు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో నాకు చాలా ఆలస్యంగా, పోటీ పరీక్షతో సంబంధం లేని ఒక పుస్తకం వల్ల తెలిసింది.

ముందు నా పద్ధతి చెప్తాను. దుకాణంలో పుస్తకం చేతికి తీసుకుంటే ముందుమాట చదవను. ముందుమాటలో ప్రతి రచయితా మంచివాడే. నాకు బాగా వచ్చిన విషయం ఒకటి మనసులో అనుకుని, ఆ పేజీ తీసి, నిలబడే చదువుతాను. నాకు వచ్చినదాన్ని నాకంటే తేలిగ్గా చెప్పాడంటే రానిది కూడా చెప్పగలడు. వచ్చినదాన్నే అర్థం కాకుండా చేశాడంటే ఎంత పేరున్న పుస్తకమైనా తిరిగి అరలో పెట్టేస్తాను. తర్వాత పాఠం చివర బిట్లు చూస్తాను. వాటి జవాబులు ఉత్త అక్షరాలుగా పడేశాడా, ఆ జవాబు ఎందుకో ఒక ముక్క రాశాడా అని చూస్తాను. చివరికి ఎడిషన్. ఇంతలో దుకాణం అన్న ఒకటి రెండు సార్లు దగ్గుతాడు. దగ్గనీ అనుకుంటాను. పుస్తకం కొన్న రోజు సగం చదివేసినంత హాయిగా ఉంటుంది మా వాళ్లకు, అందుకే గది నిండా పుస్తకాలు ఉంటాయి, ఒక్కదానికీ రెండో రివిజన్ ఉండదు. నేను ఒకటే కొంటాను, దాన్ని పిప్పి చేసి వదులుతాను.

నేను రాసినవి ఎక్కువగా సెంట్రల్ ఉద్యోగాల పరీక్షలు, బ్యాంకు పరీక్షలు. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని కళ్లు కాయలు కాసేలా చూసే ఓపిక నాకు లేదు. నేను రాసే పరీక్షలకు నాకు పోయినేడు వయసు దాటిపోయింది. ఆ రోజేమీ ఏడవలేదు, పుట్టిన తేదీ నాకు ముందే తెలుసు కదా. బాపుకు ఫోన్ చేసి, ఇంకొక్క ప్రయత్నం చేస్తాను, అదీ కాకపోతే ఊరికి వచ్చేస్తాను అన్నాను. బాపు సరే అన్నాడు. ఊళ్లో ఉండడానికి ఇల్లుంది కానీ, మ్యాథ్స్ డిగ్రీ చదివిన నేను చేయడానికి అక్కడ పని లేదు. వాకిట్లో కూర్చుని, వచ్చే పోయేవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ బతకడం తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

ఆ ఒక్క ప్రయత్నం నారాయణగూడలో దొరికింది. నా గదిలో ఉండే అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, నాకంటే చాలా చిన్నది. ఆమెకు తెలిసిన ఒక సార్ అక్కడ చిన్న ఆఫీసు నడుపుతాడు. డయాగ్నొస్టిక్ సెంటర్లలో రక్త పరీక్షల రిపోర్టులు తయారు చేసే సాఫ్ట్‌వేర్ వాళ్లది. బోనాల సమయంలో, దారంతా డప్పులు మోగుతుంటే, ఆమె నన్ను అక్కడికి తీసుకెళ్లింది. సార్ నా డిగ్రీ సర్టిఫికెట్ తెరిచి కూడా చూడలేదు. బీటెక్ అక్కర్లేదట, కోర్సులు అక్కర్లేదట. పైథాన్ నేర్చుకుని దసరా వెళ్లాక రమ్మన్నాడు. సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ఒక పని ఇస్తాడు, చేస్తే ఉద్యోగం, లేకపోతే లేదు.

నాకు ధైర్యం వచ్చేసింది. దేశ చరిత్ర మొత్తం నెమరేసినదాన్ని, ఒక కంప్యూటర్ భాష నన్నేం చేస్తుంది? మంచి పుస్తకం ఒకటి దొరికితే చాలు అనుకున్నాను. వీడియోలు చూడమని నా రూమ్మేట్ అంది. వీడియోలో వాళ్లు చకచకా చెప్పుకుంటూ పోతారు, మనం గంగిరెద్దులా తల ఊపుతాం, అయిపోయాక చేతిలో ఏమీ మిగలదు. నాకు పుస్తకమే కావాలి. మర్నాడే చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే గల్లీలో నేను ఎప్పుడూ కొనే దుకాణానికి వెళ్లాను.

అక్కడే మొదటిసారి నా పద్ధతి మొరాయించింది. నాకు వచ్చిన విషయం తీసి చదవాలంటే, ఇందులో నాకు వచ్చిన విషయం ఒక్కటీ లేదు. ఏది మంచిదో చెప్పడానికి అశోక్‌నగర్‌లో పాలిటీ టాపర్లు దొరుకుతారు గానీ పైథాన్ టాపర్లు ఎక్కడ దొరుకుతారు? అందుకని మిగిలిన గుర్తులు పట్టుకున్నాను. కొత్త ఎడిషన్, ప్రతి పాఠం చివరా బిట్లు, వెనక జవాబులు, ఎందుకో వివరణలు, ప్రతి మాటకూ గళ్లు కట్టి నిర్వచనాలు. పుస్తకం లావుగా, మొహంలో పెద్దరికంతో ఉంది. దుకాణం అన్న కూడా కాలేజీ పిల్లలంతా అదే తీసుకుంటున్నారన్నాడు. ఇంకేం కావాలి?

చదివాను. చదవడం అంటే మామూలుగా కాదు. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో, మధ్యాహ్నం నుంచి అశోక్‌నగర్‌లో నా స్టడీ హాల్ సీట్లో. నిర్వచనాలకు ఎర్ర గీత, ప్రోగ్రాములకు నీలం గీత, అడిగే అవకాశం ఉన్నవాటికి పక్కన చుక్క. ఎవరు అడుగుతారో మరి. ప్రోగ్రాములన్నీ చేత్తో రాసి, చూడకుండా మళ్లీ రాసి, పుస్తకంతో సరిపోల్చుకున్నాను. కామా కూడా పోలేదు. వినాయక చవితి వచ్చేసరికి పుస్తకం రెండోసారి పూర్తయింది. బిట్లు ఎవరైనా అడిగితే బాగుండునని చేతులు దురద పెట్టేవి. స్టడీ హాల్‌లో ల్యాప్‌టాప్ కీల చప్పుడు పనికిరాదు, అక్కడ పెన్ను మూత తీసినా ఇటు తిరిగి చూస్తారు. కాబట్టి ఇన్ని రోజుల్లో నేను కంప్యూటర్ ముట్టుకోలేదన్న ఆలోచనే నాకు రాలేదు.

నిమజ్జనం అయిన తర్వాతి ఆదివారం సాయంత్రం నా రూమ్మేట్ తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా మంచం మీద పెట్టి, ఏదైనా ఒకటి చేసి చూపించమంది. మార్కులు ఇస్తే పాసో ఫెయిలో చెప్పే చిన్న ప్రోగ్రాం టైపు చేశాను. పుస్తకంలో ఉన్నదానికి కాస్త మార్చి, నా సొంతంగా. తర్వాత పై వరుస నుంచి కింది వరుస దాకా చదువుకున్నాను. మళ్లీ చదివాను. ఆమె కిందికి వెళ్లి ఇద్దరికీ చాయ్ తెచ్చింది. ప్రోగ్రాంను నడిపించే మీట నొక్కకుండా నేను ఇంకా చదువుతూనే ఉన్నాను.

"ఏందక్కా, నొక్కవా?" అంది.

"చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్?"

"కరెక్టేనా కాదా అని."

"నొక్కితే అదే చెప్తది కదా."

"తప్పుంటే?"

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఉంటే ఉంటది. మైనస్ మార్కులున్నయా అక్కా దీనికి?"

వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. కానీ నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను రాసిన పరీక్షల్లో నాలుగు తప్పులు కలిసి ఒక ఒప్పును తినేస్తాయి. సందేహం ఉంటే ముట్టుకోవద్దన్నది నా సూత్రం. నేనే కాదు, పుస్తకం అడగడానికి వచ్చిన ప్రతి అమ్మాయికీ పుస్తకంతో పాటు ఆ మాట కూడా చెప్పి పంపేదాన్ని. మాక్ టెస్టుల్లో నేను ముట్టుకున్నవాటిలో తప్పు పోయేది దాదాపు ఉండేది కాదు. హాస్టల్లో నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. ఆ చేతికి, ఖచ్చితంగా తెలియకుండా ఒక మీట నొక్కడం రావడం లేదు.

పంతానికి నొక్కాను. తెర నిండా ఎర్రగా ఏదో వచ్చింది. ఇంగ్లిష్‌లో ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ మూసేసి, నేను చదివింది వేరే, నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే అని ఆ పిల్ల మీద ఒంటికాలి మీద లేచాను. ఆమె చాయ్ గ్లాసులు పట్టుకుని కిందికి పోయింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

కోపం నాకు ఎక్కువే, కానీ అది నన్ను మూల కూర్చోనివ్వదు. మర్నాడు లావు పుస్తకం ముందేసుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒక్క సంగతి కోసం వెతికాను. ఈ రచయిత ఎక్కడైనా తప్పు చేశాడా? ఎక్కడా లేదు. రాసిన ప్రతి ప్రోగ్రాం మొదటిసారే పనిచేసింది, కిందే దాని జవాబు చక్కగా అచ్చయి ఉంది. నిన్న నా మొహాన వచ్చిన ఆ ఎర్ర అక్షరాలు ఇంత పుస్తకంలో ఒక్కసారి కూడా కనిపించలేదు. ఇది నేర్చుకునేవాళ్ల కోసం రాసింది కాదు, నేర్చుకోవడం అయిపోయినవాళ్లు పరీక్ష రాయడానికి రాసింది. నాకు ఎంచుకోవడం రాక కాదు, కొత్తవాళ్ల పుస్తకంలో ఏం చూడాలో తెలియక దాన్ని తెచ్చుకున్నాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి మళ్లీ దుకాణానికి బయలుదేరాను.

"అన్నా, తప్పులున్న పుస్తకం కావాలె," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రింటింగ్ తప్పులా అక్కా? గవైతే శానా ఉన్నయి. ఎవలడగరని పక్కకు పెట్టిన."

నవ్వొచ్చింది, నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. కావాల్సింది విడమర్చి చెప్పాను. ఆయనకు పూర్తిగా అర్థమైందని అనుకోను, కానీ పైథాన్ మీద ఉన్నవన్నీ, కొత్తవీ పాతవీ, తెచ్చి ముందు పోసి, కూర్చోవడానికి స్టూలు వేశాడు. ఇన్నేళ్లలో నాకు స్టూలు వేయడం అదే మొదటిసారి.

ఒక్కొక్కటీ తీశాను. మొదటి పాఠం కంప్యూటర్ పుట్టుపూర్వోత్తరాలతో మొదలైతే పక్కన పెట్టాను. నాకు ఉద్యోగం కావాలి, దాని వంశవృక్షం కాదు. ఇది చాలా తేలిక అని ప్రతి పేజీలో బుజ్జగించేవాడినీ పక్కన పెట్టాను, తేలికైతే నాకెందుకు రావడం లేదని కోపమొస్తుంది. నేను తెలుగు మీడియం, కాబట్టి మధ్యలో ఒక పేజీ తీసి మెల్లగా చదివి చూశాను. భాష నేర్పేవాడి ఇంగ్లిష్‌కే డిక్షనరీ కావాలంటే నేను రెండు యుద్ధాలు చేయాలి. కొందరు మొదటి పాఠంలో చేయి పట్టుకుని నడిపించి రెండో పాఠంలో కొండ మీద నుంచి తోసేస్తారు, అందుకని మొదటి పాఠం కంటే మూడోదీ నాలుగోదీ జాగ్రత్తగా చూశాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఎర్ర అక్షరాల కోసం చూశాను.

దొరికింది ఒక పలచని పుస్తకం. ఎవరో చదివి అమ్మేసింది, అట్ట మూలలు మడతపడ్డాయి. మొదటి పాఠంలోనే, నీ పేరును కొటేషన్ గుర్తులు లేకుండా టైపు చేసి నొక్కు అన్నాడు. ఏదో తప్పు వస్తుంది, భయపడకు, రావాలనే చేయించాను అన్నాడు. వచ్చిన తప్పును ఉన్నదున్నట్టు అచ్చువేసి, దీన్ని పై నుంచి చదవకు, చివరి వరుస ముందు చదువు, అసలు సంగతి అక్కడ ఉంటుంది అన్నాడు. ప్రతి ప్రోగ్రాం కింద కాస్త చోటు వదిలి, నొక్కే ముందు ఏమొస్తుందనుకుంటున్నావో ఇక్కడ రాయి, నొక్కాక ఏమొచ్చిందో పక్కన రాయి అన్నాడు. వెనక జవాబులు లేవు. బిట్లు లేవు. నా పాత లెక్క ప్రకారం చేత్తో కూడా ముట్టుకోకూడని పుస్తకం. దాన్ని పట్టుకుని గల్లీలో నడుస్తుంటే ఎవరికీ తెలియని రహస్యం నాకు తెలిసినట్టు గర్వంగా ఉంది.

రూమ్మేట్‌కు సారీ చెప్పలేదు, కిందికి వెళ్లి చాయ్ తెచ్చి ఇచ్చాను. ఆమె నవ్వి ల్యాప్‌టాప్ ఇచ్చింది. స్టడీ హాల్ మానేసి హాస్టల్ మెస్‌లో కూర్చోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నాలు అయిపోయాక అక్కడ మిక్సీ చప్పుడు తప్ప ఏమీ ఉండదు, నన్ను అడిగేవాళ్లూ ఉండరు. మొదటి రోజుల్లో నొక్కే ముందు ఒక్కో వరుసనూ రెండు మూడు సార్లు చదువుకునేదాన్ని. ఏమొస్తుందో ముందే రాయమన్న చోట పెన్సిల్‌తో రాసేదాన్ని, తుడిచేయడానికి వీలుగా. ఒకరోజు పెన్సిల్ దొరక్క పెన్నుతో రాశాను, తప్పయింది, ఏమీ కాలేదు. అప్పటి నుంచి పెన్నే. ఒక్కో వరుస రాయడం, నొక్కడం, ఎర్రగా వస్తే చివరి వరుస చదవడం, సరిచేసి మళ్లీ నొక్కడం. వారం తిరిగేసరికి ఆ తెర నన్ను తిట్టడం లేదని, ఎక్కడ కాలు జారిందో చెప్తోందని అర్థమైంది. లావు పుస్తకాన్ని కూడా పారేయలేదు. ఏదైనా మాట మర్చిపోతే తీసి చూసుకోవడానికి అది మంచి పుస్తకమే, మొదట చదవడానికే కాదు. దసరా సెలవులకు హాస్టల్ సగం ఖాళీ అయింది, నేను ఊరికి పోలేదు.

పండుగ వెళ్లాక నారాయణగూడ వెళ్లాను. ఆఫీసు ఒక టిఫిన్ సెంటర్ మీద మొదటి అంతస్తు, గది నిండా నెయ్యి వాసన. సార్ నన్ను సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, రోగుల పేర్లు, హిమోగ్లోబిన్ అంకెలు, తేదీలు ఉన్న ఒక ఫైలు తెరిచాడు. రక్తం తక్కువున్నవాళ్లను వేరు చేసి, తేదీల వరుసలో చూపించాలి. లంచ్ దాకా టైం. చెప్పేసి నా వెనకే కుర్చీ వేసుకుని వేరే పని చూసుకోసాగాడు.

ఒక్క వరుస రాసి నొక్కాను. ఎర్రగా వచ్చింది. చివరి వరుస చదివాను, సరిచేశాను, నొక్కాను. కొందరి దగ్గర అంకె రాయకుండా వదిలేశారు, అక్కడికి రాగానే ప్రోగ్రాం ఆగిపోతోంది. వాళ్లను విడిగా చూపించేలా మార్చాను, అది కూడా రెండు సార్లు బెడిసికొట్టాక కుదిరింది. వెనక సార్ తన పని ఆపి తెర చూస్తున్నాడని తెలుస్తోంది. చూడనీ అనుకున్నాను. రక్తం తక్కువున్నవాళ్లు వరుసగా వచ్చేశారు. తేదీల దగ్గరే తంటా వచ్చింది. పదో తేదీ రెండో తేదీకి ముందు వస్తోంది. ఏవేవో చేసి చూశాను, కింద టిఫిన్ సెంటర్‌లో ప్లేట్ల చప్పుడు పెరిగింది, టైం అయిపోవస్తోంది.

అప్పుడు నా చేయి ఆ తేదీల భాగాన్ని మొత్తం ఎంచి పట్టుకుంది. ఒక్క మీట నొక్కితే అది మాయమవుతుంది. మిగిలినదంతా తప్పులేని పని, శుభ్రంగా చూపించవచ్చు. సందేహం ఉంటే ముట్టుకోవద్దు. ఇన్నేళ్ల నా తెలివి నా చెవిలో అదే చెప్తోంది. ఈ ఉద్యోగం పోతే నేను హాస్టల్ ఖాళీ చేసి బస్సెక్కాలి. చేయి వెనక్కి తీసుకుని, సార్ వైపు తిరిగి, తేదీలు తప్పుగా వస్తున్నాయని, ఎందుకో నాకు ఇంకా దొరకలేదని చెప్పాను.

ఆయన వచ్చి చూశాడు. "మరి తీసెయ్యకపోయిన్రా? ఆ ముక్క లేకుంటే మిగతాదంత మంచిగనే ఉంది."

"సగం దాకా వచ్చింది సార్. తీసేస్తే ఆ సగం కూడ పోతది."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "సోమవారం నుంచి రండి. ఆ తేదీల సంగతి మీరే చూడాలె."

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. సంతోషమే, గుండె నిండా సంతోషమే, కానీ నారాయణగూడ చౌరస్తా దాకా వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. పరీక్ష హాళ్లలో నేను తెలివనుకుని వదిలేసిన ప్రశ్నలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. వాటిలో చాలావాటికి సగం దాకా, సగం కంటే ఎక్కువ దాకా నాకు వచ్చు. ఒక్కోసారి ఒకటి రెండు మార్కులతో పోయినవి కూడా ఉన్నాయి. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఆటోలు పక్కనే ఆగి ఎక్కుతారా అని అడుగుతున్నాయి. మొహం తుడుచుకుని ఒక మందుల షాపు నీడలో నిలబడి బాపుకు ఫోన్ చేశాను.

ఇన్నేళ్లలో పరీక్ష రాసి ఫోన్ చేసిన ప్రతిసారీ, ఎలా రాశావని బాపు అడగడు. అడిగితే నేను చిన్నబుచ్చుకుంటానని ఆయన భయం. అందుకని మళ్లీ ఎప్పుడని అడుగుతాడు. నేను తర్వాతి పరీక్ష ఏ నెలలో ఉందో చెప్తాను, జాగ్రత్త అని ఫోన్ పెట్టేస్తాడు. ఆ రోజు కూడా, పోయి వచ్చానని చెప్పగానే అదే అడిగాడు.

"మళ్ల ఎప్పుడున్నది బిడ్డా?"

"ఇగ లేదు బాపూ. సోమవారం నుంచి డ్యూటీ."

బాపు ఉండమన్నాడు, స్పీకర్ పెడుతున్నాడట, అమ్మ కూడా వినాలి, అదే మాట మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు.